టీవీలో మన బొమ్మ చూసి మనమేమనాలి?

ఆదివారం టీవీలో ఏ సినిమా వేస్తే సోమవారం బడిలో దాని మీదే చర్చ. ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసే మనకందరికీ ఇది తెలిసిందే. పాఠం అడిగితే తల దించుకునే పిల్లవాడు కూడా ఏ ఫైటు బాగుందో, ఎక్కడ సాగదీశారో గడగడా చెబుతాడు. ఆ సినిమాలూ కార్యక్రమాలూ తయారయ్యేది జూబ్లీహిల్స్, ఫిలింనగర్ గుట్టల మీద. వాటిని మనం చూసేది ఉట్నూరు, తిర్యాణి గూడేల్లో. చూసినదాని మీద మాట చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. చిక్కల్లా, చూపించేది మనల్నే అయినప్పుడు వస్తుంది. అప్పుడు ‘బాగుందా’ అన్న ఒక్క మాటలో రెండు ప్రశ్నలు ఉంటాయి. చూడ్డానికి బాగుందా? మనల్ని చూపించిన తీరు న్యాయంగా ఉందా? మొదటిదానికి అవునన్నవాళ్లం రెండోదానికి కాదనవచ్చా?

ముందు ఒక చిన్న సంగతి. కామెడీ కార్యక్రమాల్లో కోయదొర వేషం ఎన్నేళ్లుగానో నడుస్తోంది. తల మీద ఈకలు, మెడలో పూసలు, వచ్చీరాని తెలుగు, ప్రతి మాట చివరా ‘దొరా’. ఊళ్లు తిరిగి మందులమ్ముకునే కొందరు ఆ వేషం కడితే కట్టవచ్చు. గోదావరికి రెండు వైపులా సేద్యం చేసుకు బతికే కోయలకూ ఆ ఈకలకూ ఏ సంబంధమూ లేదు. కోయభాష అని ఒకటుందని ఆ స్కిట్టు రాసినవాళ్లకు తెలుసో లేదో! వేషం కట్టినవాడు పొద్దున్నే కృష్ణానగర్‌లో పని కోసం నిలబడే మనిషే అయివుంటాడు, అతని మీద మనకు కోపం లేదు. నిజం చెప్పాలంటే ఆ స్కిట్టు చూస్తే మన పిల్లలూ నవ్వుతారు, మనమూ నవ్వుతాం. ‘మీరే నవ్వారు కదా, ఇంకా అభ్యంతరమేంటి?’ అని పట్నం స్నేహితులు అడుగుతారు. చక్కిలిగింత పెడితే ఇష్టం లేకపోయినా నవ్వొస్తుంది. దాన్ని ఒప్పుకోలు కింద రాసుకుంటే ఎలా? నవ్వు ఆగాక మనం చెప్పేది అభిప్రాయం.

ఇక పెద్ద సంగతి. 2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’ ఇప్పుడు టీవీలో ఎన్నిసార్లు వేసినా మన పిల్లలు కదలరు. అందులో కుమ్రం భీం గోండు పిల్ల మల్లిని వెతుక్కుంటూ ఢిల్లీ వెళతాడు, తెల్లదొరలతో తలపడతాడు. కొరడా దెబ్బలు తింటూ మోకాలు వంచకుండా నిలబడే చోట మన గూడేల్లో కళ్లు తడవని ఇల్లుండదు. ‘భీం మావాడు’ అని పిల్లలు ఛాతీ విరుచుకుంటారు. ఆ గర్వం దొంగది కాదు, దాన్ని తక్కువ చేయకూడదు.

కానీ చివర్లో ఒక ఘట్టం ఉంది. నీకేం కావాలని రామరాజు అడుగుతాడు. నాకూ నా వాళ్లకూ చదువు కావాలని భీం అంటాడు. రామరాజు జెండా మీద జల్, జంగల్, జమీన్ అని రాస్తాడు. 2020లో టీజర్ వచ్చినప్పుడు భీం తల మీద టోపీ గురించి మన జిల్లాలో పెద్ద గొడవే అయింది. ఈ రాత గురించి అంత మాట మన ఊళ్లలో వినపడలేదు. మాకు మాత్రం టోపీ కంటే ఇదే ఎక్కువ గుచ్చుకుంటుంది. టోపీ మారువేషం, సినిమాలోనే తీసేస్తాడు. జెండా మీద రాత అలా కాదు. ఆ మూడు మాటలూ భీం పోరాటానికి ప్రాణం, వాటిని వేరొకరి చేతితో రాయించారు.

మన పెద్దలు చెప్పుకునే కథలో భీం చాందా వైపు వెళ్లి, అక్కణ్ణుంచి అస్సాం తేయాకు తోటలకు వెళ్లి, రాయడం చదవడం నేర్చుకుని తిరిగొచ్చాడు. పన్నెండు గూడేల భూముల కోసం నిజాం సర్కారుతో తలపడి 1940లో జోడేఘాట్ గుట్టల్లో ప్రాణం విడిచాడు. ఆ పోరు కదిలించాకనే సర్కారు హైమన్‌డార్ఫ్‌ను మన దగ్గరికి పంపింది. భూములకు పట్టాలు, మార్లవాయిలో గోండు పంతుళ్లకు శిక్షణ, గోండి వాచకాలు, అన్నీ ఆ తర్వాతివే. అంటే మన గూడేల్లో బడి భీం చేయిచాచి అడిగితే ఎవరో ఇచ్చింది కాదు, అతని పోరాటం వెనకాలే నడిచి వచ్చింది. ఈ రోజు టీటీసీ చేసి పంతుళ్లమైన మనమంతా ఆ దారిన వచ్చినవాళ్లమే. పోనీ అక్షరమంటేనే బయటిదా? నార్నూర్ మండలం గుంజాలలో గోండి లిపిలో రాసిన పాత ప్రతులు దొరికాయి. 2018లో ఆ లిపికి యూనికోడ్‌లో చోటొచ్చింది, ఫోన్లకూ కంప్యూటర్లకూ ఎక్కే దారి ఏర్పడింది.

‘అది కల్పిత కథ, ముందే చెప్పారుగా’ అంటారు. చెప్పారు. చెప్పిన మాట క్షణంలో పోతుంది, జెండా మీద రాత ఏళ్ల తరబడి కళ్లలో ఉంటుంది. అయినా కల్పన అనేది ఎటైనా పోవచ్చు కదా, ఎప్పుడూ ఒకే వైపు ఎందుకు పోతుంది? ధైర్యం ఆదివాసికి, తెలివి ఇంకొకరికి. 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’ సినిమాను మన ఇళ్లలో ఎంతో ఇష్టంగా చూశారు. ఆ పోరాటంలో ముందు నిలిచిన గాం గంటందొర, మల్లుదొర అన్నదమ్ముల పేర్లు ఎంతమంది పిల్లలు చెప్పగలరో అడిగి చూడండి. భీం మీద 1990లో అల్లాణి శ్రీధర్ తీసిన సినిమా థియేటర్లకు రావడానికి 2010 దాకా ఆగాల్సి వచ్చింది. పంచిపెట్టే కొలత ఎవరి చేతిలో ఉందో దీన్నిబట్టే తెలుస్తుంది.

అలాగని సినిమాలు ఆపాలని, థియేటర్ల ముందు కూర్చోవాలని మేం అనం. ఆపితే మాట్లాడటానికే ఏమీ మిగలదు. మనకు రాయ్ సెంటర్ పద్ధతి ఉంది. ఒక మనిషి గురించి పంచాయితీ అయితే ఆ మనిషి అక్కడ ఉండాలి, అతని మాట వినాలి. ఆ తర్వాతే పెద్దలు ఏదైనా అంటారు. ఫిలింనగర్‌లో కథాచర్చలు నెలల తరబడి నడుస్తాయి. మన కథ అయితే మనలో ఒకరు ఆ గదిలో ఉండాలి, వేషభాషలు సరిచూడటానికి షూటింగు రోజు కాదు, చివర్లో ఎవరు ఏం రాయాలో తేల్చే రోజున.

పిలవడానికి ఆదిలాబాద్ అడవులు చాలా దూరమని ఎవరైనా అంటే, బంజారాహిల్స్ పేరులోనే లంబాడాలున్నారు. అదే బంజారాహిల్స్‌లో 2022 సెప్టెంబర్‌లో కుమ్రం భీం పేరిట ఆదివాసీ భవన్ తెరిచారు. ఫిలింనగర్ నుంచి ఆటోలో వెళ్లిరావచ్చు.