పదకోశంలో ఖాళీ గడి

‘వియ్యుక్క’ అంటే వేగుచుక్క అని నాకు ఇంకొకరు చెప్పాల్సి వచ్చింది. గోండి మాట. అజ్ఞాత జీవితంలోని స్త్రీలు రాసిన కథలు ఆ పేరుతో సంపుటాలుగా వచ్చినప్పుడు, సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని, అట్ట మీది మాట దగ్గరే ఆగిపోయాను. ఆ తర్వాత కొన్నాళ్ళకి ఒక మిత్రురాలు విద్యార్థుల కోసం ఇలాంటి కథలు కొన్ని ఏరి, చివర్లో పదకోశం రాసిపెట్టమంది. యుద్ధ కథలు చదవడానికి కావలసిన మాటలన్నమాట. చిన్న పని అనుకుని ఒప్పుకున్నాను.

మొదటి రెండు పేజీలు నిజంగానే సులువుగా సాగాయి. సెంట్రీ, కిట్, కొరియర్, డంప్, కూంబింగ్. వీటిలో చాలా వరకు ఇంగ్లీషు నుంచి వచ్చి తెలుగు అడవిలో స్థిరపడ్డ మాటలు. ‘పెంట’ దగ్గర కొంచెం ఆగాను. మైదానం వాళ్ళకి అది చెత్తకుప్ప. నల్లమలలో చెంచులు బతికే చోటు. ఒకే మాటని అడవిలోంచి చూస్తే ఊరు, ఊళ్ళోంచి చూస్తే మురికి! ఇదీ రాసుకున్నాను.

మాది గిద్దలూరు వైపు. 2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చలకి నక్సలైటు నాయకులు అడవి దాటి వచ్చింది దోర్నాల పైన చిన్నారుట్ల దగ్గరే. అప్పుడు నేను బడిపిల్లని. ‘లోపలికి పోయినాడు’ అంటే ఇంట్లోకి కాదని మా ఈడు పిల్లలకి ఎవరూ నేర్పకుండానే తెలుసు. 2005 జనవరికల్లా చర్చలు చెడిపోయాయి, ఆగస్టులో మళ్ళీ నిషేధం వచ్చింది. అందుకని ఈ మాటలు నాకు కొత్తవి కావనే ధీమా ఉండేది.

‘ఎన్‌కౌంటర్’ ఆ ధీమాని కొంచెం కదిపింది. నిఘంటువులో అది అనుకోకుండా ఎదురుపడటం. పత్రికల్లో ‘ఎదురుకాల్పులు’. మా ఊళ్ళల్లో మాత్రం ‘ఫలానావాణ్ణి ఎన్‌కౌంటర్ చేసినారు’ అంటారు. ఎదురుపడటానికి ఇద్దరు కావాలి. చేయడానికి ఒకరు చాలు. జనం ఏ నివేదికా చదవకుండా, వ్యాకరణంతోనే తమకి తెలిసింది చెప్పేశారు. ఇలాంటి ప్రతి చావు మీదా హత్యానేరం కింద కేసు నమోదు చేయాలి, ఆత్మరక్షణ అన్నది విచారణలో తేలాలి అని 2009లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. ఆ తీర్పు మీద సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది.

నేను తడబడింది అంతకంటే తేలిక అనుకున్న మాట దగ్గర. ‘షెల్టర్’. కథల్లో దళం షెల్టర్‌కి చేరుతుంది, తింటుంది, తెల్లారకముందే వెళ్ళిపోతుంది. వండిందెవరన్నది తరచూ ఆ మాటలోనే ఇంకిపోతుంది. తెలంగాణ సాయుధ పోరాటంలో ‘డెన్’ కూడా అంతే. రహస్య స్థావరాన్ని బయటివాళ్ళకి మామూలు సంసారంలా కనిపించేట్టు నడపడం ఎంత చాకిరో, ఎంత భయమో, స్త్రీ శక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చేదాకా మనం అడగనే లేదు. స్థలం పేరుగా చలామణీ అయినదంతా ఆడవాళ్ళ పని.

ఆ ధైర్యంతోనే, అడవి అంచున ఒక ఊళ్ళో తెలిసిన పెద్దావిడ ఇంటికి నోట్‌బుక్ పట్టుకుని వెళ్ళాను. ఒకప్పుడు వాళ్ళింటి మీద షెల్టర్ కేసు ఉండేదని విన్నాను.

“షెల్టర్ అని వాళ్ళు రాసుకున్నారు అమ్మాయ్. మేం పెట్టింది అన్నం” అంది. “అర్ధరాత్రి తలుపు కొట్టి ఆకలంటే ఏం జేస్తాం? పెట్టకపోతే ఏమనుకుంటారో అని భయం. తినేటప్పుడు మొహాలు చూస్తే పసిపిల్లలు, మన పిల్లోళ్ళ మాదిరి. పొద్దున్నే వీళ్ళొచ్చి ఎన్ని శేర్లు వండినావని గిన్నెలు లెక్కబెట్టేది.”

భయమూ, జాలీ, మర్యాదా కలిసిన ఆ అన్నాన్ని అర్థాల గడిలో ఎలా పట్టించడం? సానుభూతి అని రాస్తే పోలీసుల మాట అవుతుంది. మద్దతు అంటే పార్టీ మాట. ఆవిడ చెప్పింది చెప్పినట్టే రాసుకుంటూ పోయాను. నాకు సంతోషంగా కూడా ఉంది, ఇది దాచడమెందుకు. పరిశోధకురాలికి మంచి వాక్యం దొరికితే కలిగే సంతోషం.

ఆ ఊపులోనే తర్వాతి మాట పైకి చదివాను. “ఇన్‌ఫార్మర్ అంటే మీరు ఏమంటారు పెద్దమ్మా?”

ఆవిడ లేచి వీధి తలుపు దగ్గరికి వేసింది. పక్కింటి వైపు ఒకసారి చూసి వచ్చి కూర్చుంది. “ఆ మాట మా ఇంట్లో అనొద్దు తల్లీ. కాఫీ తాగి బయల్దేరు, బస్సు టైమయింది.” ఆ పక్కిల్లు ఎవరిదో, ఆ ఇంటాయన ఎలా పోయాడో బస్టాండులో ఇంకొకరు చెప్పారు. రాత్రి వచ్చి తీసుకెళ్ళారట. తీసుకెళ్ళింది అన్నలు. ఆయన భార్య ఇంకా ఆ ఇంట్లోనే ఉంది. నా గొంతు ఆ గోడ దాటే ఉంటుంది.

ఇన్‌ఫార్మర్ నాకు కథల్లో దొరికిన పాత్ర. మలుపు కోసం వస్తాడు, శిక్ష పడుతుంది, కథ ముందుకి పోతుంది. చిన్నప్పటి నుంచీ తెలుసనుకున్న మాట నిజానికి నాకు పుస్తకాల్లోంచే తెలుసు. అడిగే హక్కు డాక్టరేట్‌తో పాటు వచ్చిందనుకున్నానేమో. ఆడవాళ్ళ మౌనాన్ని మాటల్లోకి తేవాలని మనం రాస్తాం, నేనూ రాశాను. ఆ రోజు తలుపు వేసిన మనిషి మౌనం అలాంటిది కాదు. ఆవిడ పక్కింటామెతో ఇన్నేళ్ళుగా కలిసి బతకడానికి కట్టుకున్నది. అసలు వెళ్ళకుండా ఉండాల్సిందా? అన్నం సంగతి నాకు ఇంకెక్కడా దొరికేది కాదు. రెండూ నిజమే, ఒకదాన్నొకటి రద్దు చేసుకోవు.

ఆ అన్నం వాక్యం వాడుకోనా అని మళ్ళీ వెళ్ళినప్పుడు అడిగాను, ఈసారి నోట్‌బుక్ లేకుండా. ఊరు పేరు రాయొద్దంది. రాయలేదు.

పదకోశం మాత్రం పూర్తి కాలేదు. ‘ఇన్‌ఫార్మర్’ ఎదురుగా ముందు ‘సమాచారం చేరవేసే వ్యక్తి’ అని రాసి కొట్టేశాను. అది తీర్పుని అర్థంగా రాయడమే. తర్వాత ‘అలా ముద్ర పడిన వ్యక్తి’ అన్నాను. ముద్ర దానంతటదే పడదు కదా అని మిత్రురాలు పెన్సిల్‌తో పక్కన గీత గీసి పంపింది. ఆ గడి ఖాళీగా ఉంది. పుస్తకం వచ్చే నెల ప్రెస్సుకి వెళ్ళాలి.