శేషభాగము

ధర్మశాస్త్రమెరుగని ప్రాణులలో పంపకము కలదా? ఊరివెలుపల పశుకళేబరముపై వ్రాలిన పక్షులను చూచినవారు, ఉన్నది కలహమే యందురు. నిజమే, అవి రెక్కలు చాచి ఒకదానినొకటి త్రోసికొనును. అయినను అందొక క్రమము కలదు. ఎఱ్ఱతల రాబందు బలమైన ముక్కుతో గట్టి చర్మమును చీల్చును. తెల్లవీపు రాబందులు గుంపుగా చేరి మెత్తని మాంసమును తినును. పసుపుమొగము గల చిన్నరాబందు మిగిలిన తునకల నేరుకొనును. ఇది దయచేత కలిగిన పంపకము కాదు. ఒకదాని ముక్కునకు అందనిది వేరొకదానికి ఆహారమగుచున్నది.

ఆ విందు మానవుడు విడిచినదే. అతడు పశువులను పెంచి, చచ్చినవానిని ఊరిబయట వేయుటచే రాబందులు లక్షలుగా వర్ధిల్లెను. 1990 తరువాత అవి భారతదేశమున వేగముగా క్షీణించెను. 1992, 2007 సంవత్సరముల నడుమ తెల్లవీపు రాబందులలో నూటికి 99కి పైగా నశించెను. పశువుల నొప్పికిచ్చిన డైక్లోఫెనాక్ మందు కళేబరమున నిలిచి, వాని మూత్రపిండములను చెరచుచున్నదని 2004లో వెల్లడియైనది. కలిసి తినుటయే వానికి మృత్యువయ్యెను. ఒక్క కళేబరము పెక్కు పక్షులను చంపెను.

మందిచ్చినవాడు ఆవుపై దయతోనే ఇచ్చెను. అతడు దోషియా? తెలియనంతకాలము కాడు. కాని 2006లో పశువులకై ఆ మందు తయారీ నిషిద్ధమైనది. రాబందులకు హానిచేయని మెలాక్సికామ్ అను మందును దొరకుచున్నది. అయినను మనుష్యులకై అమ్ము పెద్ద సీసాలను పశువులకు వాడుటచే, 2015లో వాని పరిమాణమును 3 మిల్లీలీటర్లకు తగ్గింపవలసివచ్చెను. ఇక్కడ అజ్ఞానమను సాకు చెల్లదు.

దయ కంటియెదుటి ప్రాణితో ముగియరాదు. పక్షి తాను తినలేనిదానిని విడుచును. అది ఇంకొకదానికి అన్నమగును. మనము విడిచినది ఎవరి నోటికి చేరుచున్నదో విచారించుట, తెలివిగల మన భాగమునకు వచ్చిన ధర్మము.