దాటిపోయినవాడు



సెలవుదినముల తెల్లవారుజామున మేడ్చల్ మార్గమున గాని శామీర్‌పేట మార్గమున గాని నిలిచి చూచినయెడల, రంగుల చొక్కాలు బిగించుకొని, తలకు హెల్మెట్లు పెట్టుకొని, వంపు పిడుల సైకిళ్లపై నగరమునుండి వచ్చువారు కనబడుదురు. కొందరు కొంపల్లి మీదుగా 44వ నంబరు జాతీయ రహదారిని పట్టుకొని మేడ్చల్ వైపు వత్తురు. కొందరు తూంకుంట దాటి రాజీవ్ రహదారిపై శామీర్‌పేట చెరువు వరకు వచ్చి, కొంతసేపు నీటిని చూచి వెనుకకు మరలుదురు. ఔటర్ రింగు రోడ్డు ప్రక్కనున్న సర్వీసు రోడ్డు ఈ రెండు దారులను కలుపుచున్నది గనుక, ఒక దారిన వచ్చి మరియొక దారిన పోవువారును కలరు. ఆదివారమున వీరు మెండు. నేను శనివారమే పోవుదును. ఆదివారపు ఉదయమున నాకు వేరొక పని యున్నదని మీకు చెప్పనక్కరలేదు.

వీరు పందెగాండ్రు కారు. ఉద్యోగస్థులు, వ్యాపారులు, వైద్యుడు నడువుమని చెప్పగా నడకకు బదులు సైకిలెక్కినవారు. ముందు చేరినవానికి బహుమానము లేదు, వెనుక చేరినవానికి జరిమానా లేదు. అయినను వీరిలో ఒకనిని మరియొకడు దాటిపోయినప్పుడు ఆ దాటబడినవాని ముఖము చూడుడి. అంతవరకు పక్షుల కూతలు వినుచు పోవుచున్నవాడు తటాలున పెదవి బిగించును, గేరు మార్చును, వీపు వంచును.

ఇతరుల సంగతి యేల? నా సంగతియే చెప్పెదను. ఏబది దాటిన వయస్సు నాది. ఒక శనివారము కండ్లకోయ దగ్గర సర్వీసు రోడ్డెక్కి శామీర్‌పేట వైపు పోవుచుంటిని. వెనుకనుండి గొలుసు కిర్రుమను చప్పుడు వినబడెను. పాత ఇనుప సైకిలుపై, కాళ్లకు రబ్బరు చెప్పులతో, వెనుక క్యారియరునకు టిఫిను డబ్బాను ట్యూబు ముక్కతో కట్టుకొని ఒక మనుష్యుడు నన్ను దాటి పోయెను. నా వైపు చూడనైనను లేదు. నా సైకిలు వెల ఆయన సైకిలు వెలకు ఎన్ని రెట్లో చెప్పుటకు నాకిప్పుడు సిగ్గగుచున్నది గాని, ఆ క్షణమున నాకు మొట్టమొదట జ్ఞాపకము వచ్చినది అదియే. పిమ్మట సాకులు వరుసగా వచ్చెను. గాలి ఎదురుగా వీచుచున్నది. టైరులో గాలి తగ్గినది. రాత్రి నిద్ర చాలలేదు. సాకులన్నియు అయిపోయిన తరువాత వెంబడించితిని.

ఆయన వెనుకకు చేరువరకు నా గుండె చెవులలో కొట్టుకొనెను. దాటుటకు ఊపిరి చాలక, కొంత దూరము ఆయన వీపు చాటుననే తొక్కితిని. ఇక దాటెదనని పైకి లేచునంతలో ఆయన ఎడమ ప్రక్క మట్టిదారిలోనికి తిరిగి, దూరమున కనబడుచున్న ఒక కార్ఖానా గేటువైపు పోయెను. ఆయన పనివేళకు పోవుచుండెను. పందెములో ఉన్నవాడను నేనొక్కడనే.

మనలను ఎవరు గాయపరచుదురో గమనించితిరా? లారీ దాటిపోయిన మనకు బాధలేదు. మోటారు సైకిలు దాటిన బాధలేదు. దాటినవాని సైకిలునకు బ్యాటరీ యున్నదని తెలిసినయెడల ప్రాణము కుదుటపడును. మనవలె రెండు కాళ్లతో తొక్కువాడు దాటినప్పుడే లోపల ఏదో చిట్లును. సౌలు రాజును గాయపరచినది ఫిలిష్తీయుల సేన కాదు. తన యింట భోజనముచేయు పిల్లవాడు. మొదటి సమూయేలు 18వ అధ్యాయములో స్త్రీలు పాడిన పాట సౌలునకు వేలు ఇచ్చెను, దావీదునకు పదివేలు ఇచ్చెను. సౌలు వేలలో ఒక్కటియు తగ్గలేదు. అయినను నాటినుండి ఆయన దావీదును చూచు చూపు మారిపోయెను.

సైకిలు విషయమున శాస్త్రజ్ఞులు చెప్పునది వినదగినది. సమతలమున వేగముగా పోవువాని శ్రమలో ఎక్కువ భాగము గాలిని చీల్చుటకే పోవును. గంటకు 25 కిలోమీటర్లు పోవువాడు 30 పోవలెననిన, గాలికి ఎదురుగా పెట్టవలసిన శక్తి ఇంచుమించు 1.7 రెట్లగును. కనుకనే వెంబడించువాడు త్వరగా అలసిపోవును. అయితే ముందు పోవువాని వెనుక దగ్గరగా నుండువానికి ఆ గాలి చాలవరకు తగ్గును. దీనిని ఆలోచించినకొలది నాకు నవ్వును సిగ్గును కలుగుచున్నవి. నేను ఓడించుటకు పోయిన ఆ మనుష్యుడే అంతసేపు నా గాలిని తన ఛాతీతో మోసెను. ఆయనకు తెలియదు, నేను చెప్పలేదు.

నార్మన్ ట్రిప్లెట్ అను అమెరికా పండితుడు 1898లో ప్రకటించిన వ్యాసమొకటి కలదు. ఆయన సైకిలు పందెముల లెక్కలను చూచి, ఒంటరిగా గడియారముతో పోటీపడినవారికంటె తోడువారితో పోయినవారు వేగముగా పోయిరని కనుగొనెను. పిమ్మట నలుబదిమంది పిల్లలచేత చేపల గాలము చక్రమును త్రిప్పించి చూచెను. ప్రక్కన మరియొకరున్నప్పుడు ఇరువదిమంది వేగము హెచ్చెను. పదిమందికి పెద్ద మార్పు లేదు. మిగిలిన పదిమంది కంగారుపడి, చేతులు బిగిసి, మునుపటికంటె నెమ్మదించిరి. కాబట్టి ప్రక్కవాడుండుట చెడ్డదని నేననను. పౌలు సహితము పరుగు పందెమును మంచి మాటకే వాడెను. ప్రక్కవాడు తోడై యుండుట ఒకటి, కొలబద్దయై యుండుట వేరొకటి. కొలబద్దగా మారినవాని ముఖము మనకు కనబడదు. ఆ టిఫిను డబ్బా మనుష్యుని వీపు ఎరుగుదును గాని, ఆయన ముఖమును ఇప్పటికిని చెప్పలేను.

ముందు చేరుటయే గొప్ప అనుకొనువారు రెండవ సమూయేలు 18వ అధ్యాయము చదువవలెను. యుద్ధవార్తను దావీదునకు తెలుపుటకు యోవాబు కూషీని పంపెను. అహిమయస్సు నేనును పరుగెత్తెదనని బలవంతపెట్టి, మైదానపు మార్గమున పోయి కూషీని దాటిపోయెను. అతడే ముందు చేరెను. కాని రాజు తన కుమారునిగూర్చి అడిగినప్పుడు, గొప్ప అల్లరి చూచితినిగాని అది ఏమో ఎరుగనని పలికి, రాజు చెప్పగా ప్రక్కకు తొలగి నిలిచెను. మార్గము వేరు, మోయు వార్త వేరు. దాటబడిన కూషీ దారిలో ఏమనుకొనెనో వాక్యములో వ్రాయబడలేదు. తన పరుగు తాను పరుగెత్తి, తన వార్త తాను చెప్పెను.

అయితే దాటబడినప్పుడు కలుగు ఈ నొప్పి పాపమా? కాదని నా తలంపు. మనుష్యునికి చర్మమున్నట్లే మానమును కలదు, గీరిన మండును. నన్ను కలవరపెట్టినది వేరొక సంగతి. ఆ దినము ఇంటికి వచ్చి నీళ్లు త్రాగుచుండగా జ్ఞాపకము వచ్చెను: ఆ ఉదయముననే మేడ్చల్ దగ్గర పచ్చగడ్డి మోపు సైకిలునకు కట్టుకొని పోవుచున్న ఒక ముసలాయనను నేను దాటిపోయితిని. అప్పుడు నాకు హాయిగానే యుండెను. ఎందుకు హాయి అని అడుగుకొనలేదు. గడ్డిమోపుతో పోవు ముసలివానిని దాటుటలో ఏమి ఘనత? అయినను లోపల ఎవడో లెక్క వ్రాసికొనెను. తరువాత టిఫిను డబ్బా మనుష్యుడు దాటినప్పుడు కలిగిన మంట ఆ లెక్కకు చెల్లింపు. సంతోషము పుచ్చుకొన్నప్పుడు మౌనముగానుండి, బదులు తీర్చవలసినప్పుడు అన్యాయమని మొరపెట్టితిని.

ఇది సైకిళ్లవారి గొడవయేగదా, పొలము దున్నుకొను మాకేల అందురేమో. ఒక సంఘములో ఇరువదియేండ్లు కీర్తనలు నడిపించిన పెద్ద యొకరుండెను. కీబోర్డు నేర్చిన యౌవనుడొకడు వచ్చెను. పెద్దను ఎవరును మానుమనలేదు. అయినను ఆయన ముందువరుసనుండి వెనుకవరుసకు జరిగెను, వెనుకవరుసనుండి గడపకు, గడపనుండి ఇంటికి. మేము పోయి ఆదరించితిమి. ఏమని? మీ కంఠము ముందు ఆ పిల్లవాడెంత అని. ఆదరణ అని మేము తలంచినది ఆయనను ఆ పందెములోనే ఉంచెను. ఆయన పాడనిది మాకు కొరతగా నున్నదని చెప్పియుంటే చాలును, అది నిజమును. ఆ మాట మాలో ఎవరికిని తోచలేదు. ఆయన తిరిగి రాలేదు.

ఫ్రాన్సు దేశమున పారిస్ నుండి బ్రెస్ట్ వరకు పోయి తిరిగి పారిస్ చేరు సైకిలు యాత్ర యొకటి కలదు. 1891లో అది పందెముగా ఆరంభమాయెను. ఇప్పుడు నాలుగేండ్లకొకసారి, సుమారు 1200 కిలోమీటర్లు, గరిష్ఠముగా 90 గంటల గడువుతో జరుగుచున్నది. గడువులోపల చేరినవారందరి పేర్లును వ్రాయుదురు గాని, మొదటివాడు, రెండవవాడు అను స్థానములు లేవు. ఇదే పద్ధతిని 200 కిలోమీటర్ల యాత్రకు పదమూడున్నర గంటల గడువు; అట్టి యాత్రలు మన హైదరాబాదునుండియు జరుగుచున్నవి. ఈ మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములు ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుపొందినవి. తోట కూలీల ఉపమానము ఇచ్చటివారికి విడమరచి చెప్పనక్కరలేదు. ప్రొద్దుటినుండి పనిచేసినవారు తమ దేనారమును చూచికొన్నంతసేపు సణుగలేదు. ప్రక్కవాని చేతిలోనిది చూచినప్పుడే సణిగిరి.

యోహాను సువార్త 20వ అధ్యాయములో సమాధియొద్దకు ఇద్దరు పరుగెత్తిరి. వేరొక శిష్యుడు పేతురును దాటి ముందుగా చేరి, వంగి చూచి, లోపలికి పోక నిలిచెను. వెనుక వచ్చిన పేతురే ముందు ప్రవేశించెను. ఆ వేరొక శిష్యుడు యోహానే అని సంఘము తరతరములుగా చెప్పుచు వచ్చినది. అట్లయినచో, అంత గొప్ప ఉదయమును వర్ణించుచు కూడ తాను ముందు చేరిన సంగతిని వ్రాయుట ఆయన మరువలేదు! నాకు అందువలన ఆయనయందు ప్రేమ మరింత హెచ్చినది.

మరుసటి శనివారము మేడ్చల్ దగ్గర ఆ గడ్డిమోపు ముసలాయన మరల కనబడెను. ఈసారి దాటక, ప్రక్కన నెమ్మదిగా తొక్కుచు ఏ ఊరని అడిగితిని. ఆయన ఊరి పేరు చెప్పి, నా సైకిలును ఎగాదిగా చూచి, “నువ్వు పో సారూ. ఈ చడావు కాడ నేను దిగి నడుస్త” అనెను.

నిజము చెప్పవలెనంటే ఆ చడావు నాకును కష్టమే.