కుశలవుల పేర్లలో దాగిన రక్ష

ఈ వారం వీడియోలో సీతమ్మ వాల్మీకి ఆశ్రమానికి చేరిన ఘట్టం చెప్పుకున్నాం. కెమెరా ముందు గొంతు పట్టేసి ఒక మాట వదిలేశాను. అది ఇక్కడ రాస్తున్నాను.

పాపకి అయిదో నెల రాగానే మంచి రోజు చూసి నన్ను అత్తారింటికి పంపారు. పెళ్ళైన కొత్తలోనే మొదలైన కొట్టడం, బిడ్డ పుట్టాక ఆగిపోతుందని నమ్మాను. మూడు వారాలు కూడా గడవలేదు. ఆ రాత్రి ఆయన చెయ్యెత్తినప్పుడు పాప నా ఒళ్ళో పాలు తాగుతోంది. తెల్లవారకముందే డైపర్ల బ్యాగు, ఆఫీసు లాప్‌టాప్ పట్టుకుని క్యాబ్ ఎక్కేశాను.

తలుపు తీసిన అమ్మ మొదటి మాట, "మళ్ళీ అల్లుడుగారిని ఏమన్నావే?" రెండో మాట, "సీతమ్మంతటిదే ఓర్చుకుంది." నాన్న పేపర్లోంచి తల ఎత్తలేదు. అమ్మమ్మ మాత్రం ఏమీ అడగలేదు. నీళ్ళు కాచింది. పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, పాపని కాళ్ళ మీద వేసుకుని, నూనె రాసి లాల పోసింది. చివరి చెంబు నీళ్ళు పాప చుట్టూ తిప్పి పారబోస్తూ "శ్రీరామరక్ష" అంది. తర్వాత నావైపు తిరిగి, "నువ్వూ తలంటుకో, నీళ్ళు తోడతాను" అంది. అప్పుడు ఏడ్చాను, అన్నాళ్ళకి.

"సీతమ్మలా ఓర్చుకో" అన్న మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. అందుకే రామాయణం మళ్ళీ తీశాను. అశోకవనంలో రావణుడు ఎదురుగా నిలబడితే సీతమ్మ ఏం చేసింది? ఇద్దరి మధ్యా ఒక గడ్డిపోచ పెట్టి మాట్లాడింది. నీ హద్దు అక్కడి వరకే అని చెప్పడమే కదా అది! ఓర్పు అంటే దెబ్బకి ఒళ్ళు అప్పగించడం అయితే ఆ గడ్డిపోచ ఎందుకు?

గడ్డి మళ్ళీ ఉత్తరకాండలో కనిపిస్తుంది. నిండు గర్భిణిగా గంగ ఒడ్డున ఏడుస్తున్న సీతమ్మని చూసి మునిబాలకులు పరుగున వెళ్ళి వాల్మీకికి చెప్పారు. ఆయన తానే ఎదురొచ్చాడు. "నువ్వేం తప్పు చేశావమ్మా?" అని అడగలేదు. నీలో ఏ దోషమూ లేదని నాకు తెలుసన్నాడు. ఆశ్రమంలోని తాపస స్త్రీలకి ఆమెని అప్పగించి, గౌరవంగా చూసుకోమన్నాడు. కవలలు పుట్టిన రాత్రి దర్భలు మంత్రించి రక్ష కట్టించాడు. ముందు పుట్టినవాణ్ణి కుశలతో, తర్వాతివాణ్ణి లవంతో, అంటే ఆ దర్భల కింది భాగంతో, పెద్దముత్తైదువల్లాంటి ఆ వృద్ధ స్త్రీలు తుడిచారు. కుశుడు, లవుడు అన్న పేర్లు అలా వచ్చినవే.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. నేను రాముణ్ణి ఎవరితోనూ పోల్చడం లేదు. రాముడు సీతమ్మ మీద ఏనాడూ చెయ్యెత్తలేదు. ఆమె కథ వేరు, నాది వేరు. నేను పట్టుకున్నది ఆశ్రమాన్ని. లోకం నోరు నొక్కుకుంటున్నప్పుడు ఒక తల్లికి నీడ ఇచ్చినవాళ్ళు ధర్మం చేశారని రామాయణమే చెబుతోంది. ఆ పిల్లలకి తండ్రి వంశం కన్నా ముందు, కాపాడిన చేతులు పేర్లయ్యాయి.

ఇంజనీరుని కదా, రెండేళ్ళు ప్రతి గొడవనీ డీబగ్ చేసుకున్నాను. కూరలో ఉప్పా? నా గొంతా? నా జీతమా? ఎంత వెతికినా నా వైపే తప్పు దొరకాలన్న పట్టుదలతో వెతికాను. ఇప్పుడు ఆ వెతుకులాట మానేశాను.

మన కాలానికీ కొన్ని దర్భలు ఉన్నాయి. గృహహింస చట్టం 2005లో వచ్చింది. కొట్టడమే కాదు, తిట్లూ, జీతం లాక్కోవడమూ హింసేనని అందులో ఉంది. మహిళలకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. అయిదేళ్ళలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం చెబుతోంది. మహిళల హెల్ప్‌లైన్ 181, ప్రాణం మీదకి వస్తే 112. ఈ నంబర్లు ఫోన్‌లో సేవ్ చేసుకోండి. మీకు కాకపోయినా, ఎవరికో అవసరం రావచ్చు.

పాపకి ఇప్పుడు పదకొండు నెలలు. నా కేసు ఇంకా నడుస్తోంది. రాత్రి లిఫ్ట్ చప్పుడైతే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. మళ్ళీ ఉద్యోగంలో చేరాను. మీటింగుల మధ్య పాపకి పాలిస్తాను. పొద్దున్నే దీపం పెట్టడానికి దొరికేది అయిదు నిమిషాలే, అయినా పెడతాను. అమ్మమ్మకి మోకాళ్ళ నొప్పులు ఎక్కువయ్యాక పోయిన నెల నుంచి లాల పోసేది అమ్మే. మొదటిరోజు చివరి చెంబు తిప్పుతూ "శ్రీరామరక్ష" అని, నావైపు చూడకుండానే, "ఆవేళ నిన్ను అలా అడగకుండా ఉండాల్సింది" అంది. అంతకన్నా నాకేం కావాలి?

మీకూ ఏదో రోజు అర్ధరాత్రి ఒక స్నేహితురాలి ఫోన్ రావచ్చు. "ఏమన్నావ్ ఆయన్ని?" అని అడగకండి. "ఎక్కడున్నావ్? వస్తున్నా" అనండి. పూజ గదిలో సీతమ్మకి పెట్టే నమస్కారం ఆ ఒక్క మాటతో పూర్తవుతుంది.

బయటికి వచ్చిన ప్రతి తల్లికీ, ఆమె బిడ్డకీ, శ్రీరామరక్ష.