చుక్కాని ఎవరిది?

మంగళగిరి కొండమీద పానకాల నరసింహస్వామి నోట పోసిన పానకంలో సగమే పుచ్చుకుని, సగం భక్తుడికే వదులుతాడని నమ్మకం. మనిషి ప్రయత్నమెంత, దైవమెంత అన్న పాత వాదానికి ఇంత ముచ్చటైన లెక్క ఇంకెక్కడా దొరకదేమో!

తెరచాప పడవలో చుక్కానిని తనంతట తానే తిప్పే యంత్రం, ఆటోపైలట్, ఆ వాదాన్నే మళ్లీ లేపుతుంది. దిక్సూచికి అప్పగిస్తే దిశను పట్టుకుంటుంది. గాలికి అప్పగిస్తే గాలి కోణాన్ని పట్టుకుంటుంది. గాలి మళ్లితే పడవా మళ్లుతుంది, అటు రాళ్లున్నా సరే. వెనకనుంచి పెద్ద అలలు తరుముతుంటే, పడవ పక్కకు తిరిగాకే యంత్రం సర్దుకుంటుంది. చేయి తిరిగిన నావికుడు అల తాకకముందే చుక్కాని తిప్పుతాడు. గాలి ముదిరితే తెరచాప కుదించాల్సిందీ అతనే.

గీత పద్దెనిమిదో అధ్యాయం పనికి ఐదు కారణాలు చెబుతూ కర్తను, సాధనాన్ని వేరుచేసింది. దైవాన్ని ఐదోదిగా పెట్టింది. ఆ లెక్కన ఆటోపైలట్ సాధనమే.

సాధనమే మొరాయిస్తే? 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరిన ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే తెరచాప పడవలోని ఆరుగురు నౌకాదళ మహిళా అధికారుల్లో విశాఖ అమ్మాయి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. భూమి చుట్టి వస్తూ, స్టీరింగ్ మొరాయించడంతో మారిషస్‌లో ఆగాల్సి వచ్చింది. గీత చెప్పిన ఐదో కారణం అక్కడ పనిచేసిందేమో! బాగుచేయించుకుని 2018 మే 21న గోవా చేరారు.