దారి చెప్పే మనిషి

ఎవరైనా విశాఖపట్నం వెళుతున్నామంటే చాలు, అడగకుండానే దారి చెప్పడం మొదలుపెడతాను. సిరిపురానికి ఆసిల్‌మెట్ట మీదుగా వెళ్ళండి, సింహాచలానికి 28వ నంబరు బస్సు ఎక్కండి, భీమిలికైతే 900కే... హైదరాబాద్‌లో స్థిరపడ్డాక కూడా ఈ జబ్బు నయం కాలేదు. ఎదుటివాళ్ళకి సాయపడాలన్న తపనే ఇదంతా అనుకుంటే హాయిగానే ఉంటుంది. మరి నేను చెబుతుండగానే వాళ్ళు ఫోన్‌లో మ్యాప్ తెరిస్తే నాకెందుకు చిన్నతనంగా ఉంటుంది?

నిజానికి ఆ ఊళ్ళో దారి తెలియడం గొప్పేమీ కాదు. ఉత్తరాన కైలాసగిరి, దక్షిణాన డాల్ఫిన్స్ నోస్, ఎదురుగా సముద్రం. వాల్తేరు అప్‌ల్యాండ్స్ నుంచి తూర్పు వాలు పట్టుకుని దిగితే తేలేది బీచ్ రోడ్డు మీదే. కొండలూ సముద్రమూ చూపించిన దారిని ఇన్నాళ్ళూ నా తెలివి కింద జమ వేసుకున్నాను.

ఇంకో లెక్క కూడా ఉంది. 2002లో కురుసుర జలాంతర్గామిని ఆర్కే బీచ్‌లో ప్రదర్శనకు పెట్టినప్పుడు నేనక్కడే ఉన్నాను. అందుకని అది ‘మాది’. 2017లో దానికి దగ్గర్లోనే టీయూ-142 విమానం వచ్చి నిలిచింది. అప్పటికి నేను లేను కాబట్టి అది ‘అనవసరపు హంగు’. రెండూ నౌకాదళంలో పనిచేసి విరమించినవే. నన్నడగకుండా ఊరు మారిందన్న ఉక్రోషం తప్ప ఆ విమానం మీద నాకు వేరే ఫిర్యాదు లేదు.

హుద్‌హుద్ తుపాను నాటి సంగతి చెప్పడానికి ఇప్పటికీ మొహమాటమే. 2014 అక్టోబరు 12న గంటకు 180 కిలోమీటర్లకు పైబడిన గాలులు ఊరిని కుదిపేశాయి. మర్నాడు ఆఫీసులో తోటివాళ్ళు “పాపం, మీ ఊరు కదండీ” అన్నారు. తలవంచుకుని ఆ పరామర్శలన్నీ అందుకున్నాను. కరెంటు లేక, నీళ్ళు లేక, పాలప్యాకెట్ కోసం వరసలో నిలబడ్డవాళ్ళకి చెందాల్సిన జాలి అది. నాకది నచ్చింది కూడా. యూనివర్సిటీలో చెట్లు కూలాయని విన్నప్పుడు గొంతు పట్టేసిన మాట అబద్ధం కాదు. అయితే ఆ బాధ చెట్ల కోసమా, వాటి నీడన తిరిగిన నా వయసు కోసమా? తేల్చుకోలేకపోయాను. ఒకటి మాత్రం తెలుసు: ముందు చెట్లు గుర్తొచ్చాయి. నేను అద్దెకున్న ఇంటి పిన్నిగారు ఎలా ఉన్నారో అన్న ఆలోచన తర్వాతెప్పుడో వచ్చింది.

అక్కడే ఉండిపోయిన స్నేహితుడొకడు నా కబుర్లన్నీ ఓపిగ్గా విని, “నువ్వు చెప్పే ఊరు బాగుందిరా, ఓసారి నేనూ చూడాలి” అన్నాడు. నవ్వేశాను గాని, ఆ రాత్రి చాలాసేపు వాడి మీద కోపంగానే ఉంది.

మీరూ ఏదో ఒక ఊరు వదిలి వచ్చే ఉంటారు. దాని గురించి ఎవరైనా అడిగితే, “ఇప్పుడక్కడ ఉంటున్నవాళ్ళని అడగండి” అనగలరా? నాకైతే ఇంకా ఆ మాట నోటికి రావడం లేదు.