దేవుని చదువుకు ఏ గడప తొక్కాలి?

చార్మినార్ నుంచి పడమటికి పోయే వీధి లాడ్ బజార్. అక్కడి గాజులు లక్కతో చేస్తారు. లక్క అడవిది. మోదుగ, రేగు కొమ్మల మీద పురుగులు పెట్టేది, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ ఆదివాసులు గీకి తెచ్చేది. బజారులో నిప్పుల మీద కరిగి, రంగేసుకుని, అద్దాలు పొదిగించుకుంటుంది. ఆ గాజు చూసి చెట్టు పేరు ఎవరడుగుతారు?

ఆ బజారుకు కొద్ది దూరంలోనే జామియా నిజామియా ఉంది, 19వ శతాబ్దం నుంచి ఇస్లాం ధర్మవిద్య చెబుతున్న మదర్సా. నగరంలో మరోవైపు ఆంధ్రా క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ, 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత ఇక్కడికి వచ్చింది. మన కోయ, గోండు పిల్లల్లో పాస్టరు చదువు చదవాలనుకునేవాళ్లు ఇలాంటి చోట్ల గురించే మమ్మల్ని అడుగుతుంటారు: ఏ సెమినరీ మంచిది సార్?

ఫీజు, హాస్టలు, డిగ్రీకి సేరంపూర్ గుర్తింపు, ఇవన్నీ అడగాల్సినవే. పేదింటి పిల్లలు అన్నం సంగతి అడగడం తప్పు కాదు. ఫీజు మొత్తం మేమే కడతాం అనే చోట మాత్రం, చదువయ్యాక ఎన్నేళ్లు ఎక్కడ పనిచేయాలో ముందే కాగితం మీద చూడండి.

అసలు ప్రశ్న వేరు. ఆ చదువు మన పెద్దల్ని ఏమని పిలుస్తుంది? గోండు గూడేల్లో పర్ధాన్ కిక్రీ వాయిస్తూ పెర్సాపేన్ కథ చెబుతాడు. మేడారంలో వడ్డెలు సమ్మక్కను తెస్తారు. వీళ్లకు సర్టిఫికెట్ లేదు. కానీ అదీ దైవశాస్త్రమే అంటాం మేము. దాన్ని మొదటి నెలలోనే దయ్యాల పూజ అని కొట్టిపారేసే చోట చేరిన పిల్లవాడు ఇంటికొచ్చి తాతతో ఏం మాట్లాడతాడు? దుమ్ముగూడెం మిషన్‌లో పనిచేసిన జాన్ కెయిన్ అనే తెల్ల పాదిరి కోయ భాష నేర్చుకుని దాని గురించి రాశాడు. బయటివాడు నేర్చుకున్న మాటను మనవాడు మరిచి రావడమా!

"క్రీస్తును నమ్మాక పాత కథలెందుకు సార్?" అనేవాళ్లూ ఉన్నారు. నమ్మకం మీది, మేము అడ్డురాం. కాదనాలన్నా ముందు తెలియాలి కదా. రాంచీలో రామ్ దయాళ్ ముండా 'ఆదిధరమ్' అని పుస్తకమే రాశారు. మీరు చేరబోయే చోట లైబ్రరీలో అలాంటి పుస్తకం ఉందేమో అడగండి.

అక్కడ చదివొచ్చిన మన గూడెం మనిషి ఒకరుంటే వెళ్లి కలవండి. పండుగనాడు ఆయన ఊళ్లో ఉంటాడా, ఊరు విడిచి పోతాడా, పెద్దలు ఆయనకు చాప వేసి కూర్చోమంటారా, కనుక్కోండి.